తరుగంతా కొస రైతు నెత్తినేనా?

ఏటా జూలై, ఆగస్టు నెలల్లో పత్రికల్లో ఒక వార్త వస్తుంది. మలెనాడులో వానలు దంచికొట్టాయి, తుంగభద్ర డ్యాము నిండింది, గేట్లెత్తారు అని. పక్కనే నురగలు కక్కే నీళ్ల ఫొటో ఉంటుంది. అది చూసి ఆదోని, కౌతాళం, కోసిగి, ఎమ్మిగనూరు, నందవరం రైతులు సంబరపడాలి గదా! పడరు. వాళ్లు అడిగేది ఒక్కటే మాట: రబీకి ఇస్తారా, ఇవ్వరా? ఇస్తే కొసదాకా వస్తాయా?

ఈ అనుమానం ఊరికే పుట్టలేదు. డ్యాము నిండిన సంవత్సరాల్లో కూడా దిగువ కాలువ కింద పైర్లు ఎండిపోవడం పడమటి కర్నూలు రైతాంగం అనుభవించిన సంగతే. వాన లేని ఏడు పైరు ఎండితే దేవుణ్ణి తిట్టుకుంటారు. డ్యాము నిండిన ఏడు ఎండితే ఎవరిని అనాలి?

ఆదోని మార్కెట్ యార్డుకు పత్తి తెచ్చిన ప్రతి రైతుకూ "తరుగు" అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. తేమ అని కొంత, మట్టి అని కొంత తూకంలో కోస్తారు. ఆ కోతంతా అమ్మేవాని లెక్కలోనే, కొనేవాని లెక్కలో పడదు. తుంగభద్ర నీళ్ల విషయంలోనూ జరుగుతున్నది అదే. డ్యాములో పూడిక పడితే తరుగు, గేటు పోతే తరుగు, కాలువ గట్టు తెగితే తరుగు, పైన వరి నాటితే తరుగు. ఇన్ని తరుగులూ పోయి పోయి ఒకే లెక్కలో పడుతున్నాయి. అది కొస రైతు లెక్క.

కాలువ ఒకటి, రాష్ట్రాలు రెండు

తుంగభద్ర డ్యాముకు 1945 ఫిబ్రవరి 28న పునాది వేశారు. ఎడమ గట్టు నిజాముది, కుడి గట్టు మద్రాసు ప్రభుత్వానిది. అప్పుడు బళ్లారి, ఆదోని, ఆలూరు అన్నీ ఒకే బళ్లారి జిల్లా. కుడి గట్టు నుంచి బయల్దేరే దిగువ కాలువ, మనవాళ్లు ఎల్.ఎల్.సి. అనేది, ఒకే జిల్లా పొలాల గుండా కర్నూలు వైపు సాగాలని గీసిన గీత.

1953లో రెండు సంగతులు జరిగాయి. డ్యాములో నీళ్లు నిలిచాయి, జిల్లా చీలింది. బళ్లారి మైసూరుకు పోయింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు వచ్చాయి. మనుషుల మధ్య సరిహద్దు గీశారు, కాలువ మాత్రం గీసినచోటే ఉంది. మొత్తం 300 కిలోమీటర్లు దాటిన ఈ కాలువలో మొదటి 250 కిలోమీటర్లు తుంగభద్ర బోర్డు చేతిలో ఉన్నాయి. 1953లోనే కేంద్రం ఏర్పాటు చేసిన ఆ బోర్డులో ఇప్పుడు కర్ణాటక, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మూడింటికీ ప్రతినిధులున్నారు. డ్యాము నుంచి వదిలిన నీళ్లు పరాయి రాష్ట్రపు తూములన్నీ దాటుకుని రావాలి. ఆ దారిలో వచ్చే ప్రతి కష్టమూ మన వంతు నీళ్లను తగ్గిస్తుంది. 2022లో వేదావతి (హగరి) నది మీద ఈ కాలువను మోసే వంతెన స్తంభం ఒకటి కూలింది. కూలింది కర్ణాటకలో. నీళ్లు ఆగి ఇబ్బందిపడింది దిగువనున్న ఆంధ్ర రైతులు.

కాగితం మీద తక్కువేమీ లేదు

బచావత్ ట్రిబ్యునల్ 1973లో తీర్పు ఇచ్చింది, 1976లో తుది నివేదిక ఇచ్చింది. తుంగభద్ర డ్యాము దగ్గర ఏడాదికి 230 టి.ఎం.సి.లు వాడుకోవచ్చని లెక్కగట్టింది. అందులో 18 టి.ఎం.సి.లు ఎండకు ఆవిరి. మిగిలిన 212 లో ఆంధ్ర వైపు ఎల్.ఎల్.సి.కి 24, అనంతపురం వైపు పోయే ఎగువ కాలువకు 32.5, కె.సి. కాలువకు 10 టి.ఎం.సి.లు వచ్చాయి.

24 టి.ఎం.సి.లంటే ఎంత? ఒక టి.ఎం.సి. నీళ్లు సుమారు 23 వేల ఎకరాల మీద అడుగు లోతు నిలుస్తాయి. ఎల్.ఎల్.సి. కింద మన వైపు ఆయకట్టు 1 లక్షా 51 వేల ఎకరాలు. భాగించి చూడండి. ఎకరానికి మూడున్నర అడుగులకు పైగా నీళ్లు! దారిలో ఇంకేవి, ఆవిరయ్యేవి, ఊళ్లకు తాగడానికి పోయేవి తీసేసినా, వేరుశనగ, జొన్న, పత్తి, మిరప లాంటి ఆరుతడి పైర్లకు సరిపోయే నీళ్లివి. అంటే కాగితం మీద మన రైతుకు అన్యాయం జరగలేదు. జరిగిందంతా కాగితానికీ మడికీ మధ్య.

ఇంకొక అంకె చూడాలి. ఆ 1.51 లక్షల ఎకరాల్లో ఖరీఫ్ ఆయకట్టు 43,519 ఎకరాలే. రబీ ఆయకట్టు 1,07,615 ఎకరాలు. పదెకరాల్లో ఏడెకరాలు రబీ మీదే ఆధారపడి ఉన్నాయి. ఈ ఒక్క సంగతి గుర్తు పెట్టుకుంటే మిగతా కథంతా తేటతెల్లమవుతుంది.

పూడిక ఎవరి నీళ్లు తిన్నది?

డ్యాము కట్టినప్పుడు దాని నిల్వ 132.47 టి.ఎం.సి.లు. 2016 సర్వే ప్రకారం 105.79 టి.ఎం.సి.లు. దాదాపు 27 టి.ఎం.సి.ల జాగాలో మట్టి కూర్చుంది. అంటే ఎల్.ఎల్.సి. మొత్తం వాటాకంటే కాస్త ఎక్కువ.

105 టి.ఎం.సి.ల డ్యాము నుంచి 212 టి.ఎం.సి.లు ఎట్లా వాడుకుంటారు అని కొందరు అడుగుతారు. మంచి ప్రశ్నే. డ్యాము అంటే గాదె ఒకటే కాదు, దారి కూడా. జూలై నుంచి సెప్టెంబరు దాకా పైనుంచి నీళ్లు వస్తూనే ఉంటాయి, కాలువలకు పోతూనే ఉంటాయి. ఖరీఫ్ పైరు చాలావరకు ఆ పారేనీటి మీదే పండుతుంది, నిల్వను అంతగా ముట్టదు. వానలు వెనక్కి తగ్గాక, అక్టోబరు చివర డ్యాములో ఏం మిగిలిందో దాన్నిబట్టే రబీ.

కాబట్టి డ్యాములో పూడిక పడిందంటే ఖరీఫ్ రైతుకు పెద్దగా తెలియదు. ఆ నష్టం మొత్తం రబీ మీద పడుతుంది. రబీ మీద ఎక్కువగా ఆధారపడినవాడు, అందులోనూ కాలువ కొసన ఉన్నవాడు ముందు మునుగుతాడు. అధికారుల లెక్కలో మాత్రం అందరికీ "దామాషా ప్రకారం" కోత వేసినట్లే ఉంటుంది. ఈ ఏడు డ్యాము దగ్గర వాడకానికి 212 బదులు 160 టి.ఎం.సి.లే వస్తాయనుకుంటే, ఎల్.ఎల్.సి. వాటా 24 నుంచి 18 టి.ఎం.సి.లకు దిగుతుంది. చూడటానికి నాలుగో వంతు కోత. కాలువ మొదట్లో ఉన్న రైతు ఆ నాలుగో వంతు వదులుకుంటాడా? తన తడి తాను తీసుకుంటాడు. ఆ కోత తూము తూమూ దాటి కిందికి జారి, కొసన ఉన్నవానికి మొత్తం పైరే కోతగా మారుతుంది. నాలుగో వంతు అందరూ పోగొట్టుకోవడం వేరు, నలుగురిలో ఒకడు అంతా పోగొట్టుకోవడం వేరు. మొదటిది కరువు. రెండోది అన్యాయం.

పూడిక సమస్య మనకొక్కరికే వచ్చింది కాదు. చైనాలో హువాంగ్ హో నది మీద 1960లో పూర్తయిన సాన్‌మెన్‌షియా డ్యాము కొద్ది ఏళ్లకే మట్టితో పూడిపోయింది. అక్కడ అడుగున కొత్త దారులు తవ్వి, బురదనీటిని ముందు వదిలేసి, తేటనీటిని తర్వాత నిల్వ చేసే పద్ధతికి మారారు. అదే పద్ధతి మన డ్యాముకు అతుకుతుందని అనడం లేదు. కాని మట్టి పడుతుందని తెలిసీ అరవై డెబ్బై ఏళ్లు చూస్తూ కూర్చున్నది ఎవరు? పూడిక తీయడం ఖర్చుతో కూడిన పని అంటారు. కొప్పళ జిల్లా నవలి దగ్గర ఇంకో జలాశయం కడతామని కర్ణాటక అంటుంది. వరద రోజుల్లో నీళ్లు తెచ్చుకునే సమాంతర కాలువ కావాలని ఆంధ్ర అంటుంది. ఇద్దరూ కూర్చుని తేల్చరు. తేలేదాకా తరుగు మాత్రం తేలిగ్గా కొస రైతుకు వేసేస్తారు.

గొలుసు తెగిన రాత్రి

2024 ఆగస్టు 10 రాత్రి డ్యాము 19వ గేటు గొలుసు తెగింది. గేటు కొట్టుకుపోయింది. నిండుకుండలాంటి డ్యాము నుంచి ఆ ఒక్క ఖాళీలోంచే వేల క్యూసెక్కులు నదిలోకి దూకాయి. సుమారు 60 టి.ఎం.సి.లు వదిలేస్తే తప్ప మరమ్మతు కుదరదన్న మాట వినగానే మూడు రాష్ట్రాల రైతుల గుండెలు జారిపోయాయి. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు సలహాతో, పనివాళ్లు ప్రాణాలకు తెగించి, పారే నీళ్లలోనే స్టాప్‌లాగ్ పలకలు దింపి వారం రోజుల్లో గండి మూశారు. ఆ ఏడు మళ్లీ వరద వచ్చి డ్యాము నిండింది గనుక బతికిపోయాం. ఆ కార్మికులకు రైతాంగం రుణపడి ఉంది.

అయితే ఆ గొలుసు ఆ రాత్రే తుప్పు పట్టలేదు గదా! నిపుణులు చూసి, 33 గేట్లూ మార్చాల్సిందేనన్నారు. 2025 ఖరీఫ్‌లో నిల్వను 80 టి.ఎం.సి.లకే పరిమితం చేశారు. ఆ ఏడు వరద బాగానే వచ్చింది. నిలపడానికి వీల్లేక నదిలోకి వదిలేశారు. కట్టిననాటి 132 తో పోలిస్తే 52 టి.ఎం.సి.లు తక్కువ, అంటే నూటికి నలభై. ఆ పైన గేట్లు మార్చే పనికోసం 2025-26 రెండో పంటకు నీళ్లు లేవని తేల్చారు.

గేట్లు మార్చవద్దని ఏ రైతూ అనడు. డ్యాము నిలబడితేనే రైతు నిలబడతాడు. మన ప్రశ్న వేరు. డ్యాము ముగ్గురిది, నిర్వహణ బోర్డుది, డబ్బు ప్రభుత్వాలది. ఏళ్ల తరబడి నిర్వహణలో చేసిన ఆదాకు మూల్యం చెల్లించేది మాత్రం రబీ రైతా? బోర్డు ఆఫీసులో ఎవరి జీతమైనా ఆగిందా? కాంట్రాక్టరు బిల్లులో తరుగు వేశారా? పంట లేని రైతు తెచ్చిన అప్పుకు వడ్డీ ఆగలేదు. భూమి లేని కూలీకి పని లేదు. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం పల్లెల్లో ఇండ్లకు తాళాలు వేసి, ముసలివాళ్లను కాపలా పెట్టి, పిల్లల బడి మాన్పించి గుంటూరు మిరప కోతలకు "సుగ్గి"కి పోవడం ఏటా చూస్తున్నదే. కాలువలో రబీ నీళ్లు ఆగే కాలమూ, సుగ్గి లారీలు కదిలే కాలమూ ఒకటే. ఈ రెండింటికీ సంబంధం లేదని ఎవరైనా చెప్పగలరా?

పైవాడు శత్రువా?

ఇక్కడొక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. నీళ్లు రాకపోతే కొందరు నాయకులు వెంటనే కర్ణాటక రైతును తిట్టడం మొదలుపెడతారు. ఓట్ల కాలంలో అది సులువైన పని. ఆరుతడికని కేటాయించిన భూముల్లో పైన వరి వేస్తున్న మాట నిజం. దిగువకు రావలసిన నీళ్లు ఆ మడుల్లో నిలుస్తున్న మాటా నిజం. వరికి ఎకరానికి పట్టే నీళ్లతో ఆరుతడి పైరు రెండెకరాలు పండుతుంది. కాని ఆ వరి వేసినవాళ్లలో మన కోస్తా జిల్లాల నుంచి పోయి, గంగావతి, సింధనూరు వైపు క్యాంపులు కట్టుకుని స్థిరపడ్డ తెలుగువాళ్లూ ఉన్నారు. అక్కడా కాలువ కొసన నీళ్లందక కలెక్టరాఫీసు ముందు కూర్చునే కన్నడ రైతులున్నారు. మన వైపు మాత్రం తక్కువా? తూముకు దగ్గరున్న పలుకుబడి గల ఆసామి మోటారు పెట్టి రాత్రిపూట కాలువను తోడుకుంటే అడిగే దిక్కులేదు.

కాబట్టి ఇది రాష్ట్రాల తగాదా ఒకటే కాదు. కాలువ మొదలుకూ కొసకూ మధ్య తగాదా, పలుకుబడి ఉన్నవానికీ లేనివానికీ మధ్య తగాదా. ఆరుతడి పైరుకు గిట్టుబాటు ధర ఉంటే వరి వెంట ఎవడు పడతాడు? వేరుశనగకు, జొన్నకు ధర లేక, కొనే దిక్కు లేక రైతు వరిలోకి పోతున్నాడు. ఆ తప్పును నీటి తగాదాగా మార్చి పాలకులు చేతులు దులుపుకుంటున్నారు.

విదేశీ పరిశోధకుడు రాబర్ట్ వేడ్ కర్నూలు జిల్లా కాలువ గ్రామాలను పరిశీలించి 1988లో పుస్తకం వెలువరించాడు. కాలువ కొసకు దగ్గరగా ఉన్న ఊళ్లలోనే రైతులు కలిసి నిధి పెట్టుకుని, ఉమ్మడిగా నీరు పారించే మనుషుల్ని, పొలం కాపలాదార్లను పెట్టుకున్నారని అందులో చూపాడు. కష్టం ఉన్నచోటే కట్టుబాటు పుట్టింది. మన పాత నీరుగంటి పద్ధతి సారం అదే. 1997 చట్టంతో నీటి సంఘాలు వచ్చాయి, 2024 డిసెంబరులో ఎన్నికలూ జరిగాయి. కాని సంఘం అధ్యక్షుని పదవి కాలువ పూడిక తీత బిల్లులకేనా, కొస మడికి నీళ్లు తేవడానికా? అది రైతులే తేల్చాలి.

పోయే వరదను పట్టే పాత్ర ఏది?

2009 వానాకాలం మొదట్లో కరువు. అక్టోబరు 2న మంత్రాలయం మునిగింది, కర్నూలు మునిగింది. ఒకే ఏడు, ఒకే నది. హోస్పేట డ్యాముకూ కర్నూలుకూ మధ్య తుంగభద్ర మీద మనకున్నది 1.2 టి.ఎం.సి.ల సుంకేసుల బ్యారేజి ఒక్కటే. హంద్రి మీద గాజులదిన్నె 4.5 టి.ఎం.సి.లది, దానికీ సొంత నీళ్లు చాలక ఎల్.ఎల్.సి. వైపు చూడాల్సిందే. సుంకేసుల పైన 20 టి.ఎం.సి.ల గుండ్రేవుల జలాశయం ప్రతిపాదన కాగితాల మీదే ముసలిదయింది. వేదావతి ఎత్తిపోతల, ఆర్.డి.ఎస్. కుడి కాలువ శంకుస్థాపన రాళ్లు దాటి మడికి రాలేదు. గుండ్రేవుల కింద మునిగే భూములు తెలంగాణలోనూ ఉన్నాయి, మనవైపూ ఉన్నాయి. ఆ రైతులతో మాట్లాడి, భూమికి భూమి ఇచ్చి, తెలంగాణతో ఒప్పందం చేసుకోవాలి. ఒక కొస రైతును బతికించడానికి ఇంకో రైతును ముంచడం మన దారి కాదు.

ఏం చేయాలి?

మొదటిది: వాటాను డ్యాము తూము దగ్గర కొలవడం చాలదు. సరిహద్దు దగ్గర, ప్రతి డిస్ట్రిబ్యూటరీ మొదట్లో, కొసన కొలిచి, ఆ రోజు అంకె ఊరి పంచాయతీ గోడ మీద రాయాలి. లెక్క రైతు కంటికి కనపడితే సగం దొంగతనం ఆగుతుంది.

రెండోది: కోత వేయాల్సిన ఏడు కోతను కొస నుంచి కాదు, అందరి నుంచి వసూలు చేయాలి. వంతులు పెట్టి, మొదటి తడి కొస మడికి పారించి, తర్వాత పైకి రావాలి. అధికారులు కుదరదంటే ఎందుకు కుదరదో ఆయకట్టు సభలో చెప్పాలి.

మూడోది: పూడిక, గేట్ల మరమ్మతు కారణంగా పంట విరామం ప్రకటిస్తే అది ప్రకృతి వైపరీత్యం కాదు, నిర్వహణ లోపం. ఎకరానికి పరిహారం, కౌలురైతుకు అందులో భాగం, కూలీకి ఊళ్లోనే పని ఇవ్వాలి. ఆ సీజను అప్పు మీద వడ్డీ ప్రభుత్వం కట్టాలి.

నాలుగోది: గేట్లు, వంతెన కాలువలు, గట్ల పరిశీలన నివేదికను బోర్డు ఏటా మూడు రాష్ట్రాల భాషల్లో, అంటే తెలుగులో, కన్నడంలో ప్రకటించాలి. గొలుసు తెగాక కాదు, తెగకముందే రైతుకు తెలియాలి.

ఐదోది: ఆరుతడి పైర్లకు మద్దతు ధర ఇచ్చి కొనుగోలు కేంద్రాలు తెరవాలి. అది లేకుండా వరి మానమని చెప్పే హక్కు ఏ ప్రభుత్వానికీ లేదు.

వీటిలో ఏదీ గొంతెమ్మ కోరిక కాదు. కొత్తగా ఒక్క చుక్క అడగడం లేదు. యాభై ఏళ్ల కింద ట్రిబ్యునల్ రాసిన నీళ్లే అడుగుతున్నాం. ఆదోని, ఎమ్మిగనూరు డివిజన్ల రైతులు సిరుగుప్ప, బళ్లారి కొస రైతులతో కలిసి ఒకే మహజరు మీద సంతకం పెట్టి హోస్పేటలోని బోర్డు ఆఫీసుకు పోవాలి. రెండు భాషల రైతులు ఒకే గేటు ముందు నిలబడిన రోజు, తరుగు ఎవరి లెక్కలో వేయాలో అధికారులు రెండోసారి ఆలోచిస్తారు. వచ్చే రబీ ఇండెంటు రాయకముందే, పార్టీ జెండాలు పక్కన పెట్టి, ప్రతి నీటి సంఘంలో ఈ ఐదు మాటల మీద తీర్మానం చేయించాలి.